తండ్రియే వాటాగా వచ్చిన కొడుకు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలొక సామెత చెప్పుచుండిరి. రైళ్లు లేని కాలమున పుట్టిన మాట యిది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము నుండి బయలుదేరి కడప, అహోబిలముల మీదుగా కాశికి వెళ్లినప్పుడు తిరిగి ఇల్లు చేరుటకు ఏడాదికి పైగా పట్టినది. అంతటి దూరయాత్రకు కాలు కదపబోవు గృహస్థుడు తీర్చవలసిన అప్పు తీర్చి, తనకు రావలసిన బాకీలు ఎవరెవరి వద్ద ఎంతెంత యున్నవో కొడుకులకు చెప్పి, పొలము గట్లు చూపించి, తాళపుచెవులు ఇల్లాలి చేతబెట్టి, అటుపిమ్మట గోవిందనామము పలికి గడప దాటెడివాడు. తిరిగి వచ్చినచో మంచిదే. రాకున్నను ఇంటివారు వీథిన పడరు.

నేడు ప్రొద్దుటూరిలో ఉదయము బస్సెక్కినవాడు ఆ రాత్రికే తిరుమల కొండమీద నుండవచ్చును. యాత్రలు సులభమైనవి, యాత్రకు ముందు ఇల్లు చక్కబెట్టుకొను అలవాటు మాత్రము అంతరించినది. తప్పని యాత్ర యొకటి యింకను ఉన్నదను సంగతి అందఱకు తెలిసినదే. దానికి మాత్రము ముహూర్తము ముందుగా ఎవరును చెప్పరు.

భక్తుడైన గృహస్థుడు తన తదనంతరము ఆస్తి ఎవరికి ఎట్లు చెందవలెనో ఆలోచించుట తగునా, తగదా? ఈ ప్రశ్న చాలమంది వైష్ణవ గృహములలో నోటివఱకు వచ్చి ఆగిపోవుచుండును. సర్వమును స్వామి సొత్తు. జీవుడును ఆయన సొత్తే. అట్టి వాడు 'ఇది నా పొలము, ఇది నా యిల్లు, నేను పోయిన పిదప ఇట్లు జరుగవలెను' అని కాగితముపై వ్రాయుట మమకారమునకు ముద్ర వేయుట కాదా యని కొందఱి సంశయము. నారు పోసినవాడు నీరు పోయడా యని మఱికొందఱి ధైర్యము. ఇంకొందఱు అంత దూరము పోరు. చావు మాట ఇంట ఎత్తుట అశుభమని మాత్రమే వారి భయము.

ఈ సంశయములకు సమాధానము వెదకుటకు శ్రీమద్భాగవతము నవమస్కంధములోని యొక చిన్న కథ చాలును. పురాణశ్రవణమున అంబరీషోపాఖ్యానము వినని వైష్ణవుడుండడు. ఆ యంబరీషుని తండ్రి కథ మాత్రము వినినవారు తక్కువ. ఆయన పేరు నాభాగుడు. మనువంశమువాడు. అన్నలందఱికంటె చిన్నవాడు. గురుకులమున చాలకాలము ఉండిపోయెను. వీడిక బ్రహ్మచారిగనే యుండిపోవును, తిరిగి రాడు అని తలచి అన్నలు ఆస్తినంతయు తమలో తాము పంచుకొనిరి. చదువు ముగించుకొని నాభాగుడు ఇంటికి వచ్చి, నా భాగమేది యని అడిగెను. అన్నలు చెప్పిన సమాధానము విచిత్రమైనది: "తండ్రియే నీ భాగము."

అనగా పొలములు, పశువులు, ధనము వారివి. మిగిలిపోయిన వృద్ధుడు తమ్మునివి. వాటాలలో ఎవరును కోరుకొననిది ఏది యున్నదో అది చిన్నవానికి.

తండ్రి అడుగకముందే పంచలేదు. పంచుచుండగా చూచి మాటాడను లేదు. బ్రదికియుండియు ఇంటి వ్యవహారమును కొడుకులకు వదలివేసిన పెద్దమనిషి గతి అది. పురాణము ఆయనను నిందింపలేదు గాని, ఆయన మౌనమువలన కలిగిన ఫలమును దాచనులేదు. పంపకము జరిగిన తీరునుబట్టి తండ్రియే ఒక వస్తువై, మిగులై, వాటాగా మాఱెను. ఈ కథ పురాతనమే కాని, రాయలసీమ గ్రామములలో నేటికిని దీనికి నకలు కనబడుచునే యున్నది. కొడుకులు పొలములు పంచుకొందురు. తల్లిని నెలవంతులుగా పంచుకొందురు. నెల నిండగానే ఆమె సంచి చేత పట్టుకొని ఒక యింటి గడప దాటి మఱియొక యింటి గడప తొక్కును. ముప్పదియొకటవ దినము ఎవరి లెక్కలోనిదని కోడండ్రు వాదులాడుకొను ఇండ్లు కూడ కలవు. నాభాగుని అన్నలు తండ్రిని కనీసము ఒక్కనికే ఇచ్చిరి.

రాజుపాలెము కుందూనది పరీవాహకమున, నల్లరేగడి నేలల నడుమ, శనగపంటకు పేరుపడిన పల్లె. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కమలాపురముల చుట్టునున్న ఈ భూమి పూర్వము రేనాడు. తెలుగువారికి ఇంతకంటె పాత నేల లేదనుట అతిశయోక్తి కాదు. ఏలనగా తెలుగుమాటలతో చెక్కిన అతిప్రాచీన శాసనములు, క్రీస్తుశకము ఆఱవ శతాబ్దమునాటివి, ఈ రేనాటివే. ఎఱ్ఱగుంట్ల దగ్గఱి కలమళ్ల శాసన మొకటి. కమలాపురము దగ్గఱి ఎఱ్ఱగుడిపాడు శాసన మింకొకటి. ఈ రెండవదానిలో ఏమున్నదో గమనింపదగును. రేనాటి రాజులు ఇచ్చిన భూదానము. ఆ దానమునకు సాక్షులెవరో వారి పేర్లు. దానిని చెఱచిన వానికి పాపము సంక్రమించునను హెచ్చరిక. మన భాషలో మిగిలిన తొలి వాక్యములు పద్యములు కావు, స్తోత్రములు కావు. సాక్షి సంతకములతో కూడిన దస్తావేజు. ఇచ్చినవాడు రాజు. ఆయన నోటిమాటను కాదను ధైర్యము ఆనాడు ఎవరికుండును? అయినను ఱాతిపై వ్రాయించెను, సాక్షులను పెట్టెను. తన కాలము దాటిన పిదప తన మాట తానుగా నిలువదని ఆయన కెఱుక.

ఇప్పుడు రాజుపాలెము వంటి యూరిలో ఒక గృహస్థుని తలచుకొందము. ఎనిమిది యెకరముల పిత్రార్జితము, తాతల నుండి ఉమ్మడిగా వచ్చినది. భార్య, ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు ప్రొద్దుటూరి బంగారపు అంగడిలో గుమాస్తా. చిన్నవాడు పొలము చూచుకొనుచున్నాడు. కూతురు జమ్మలమడుగున కాపురముండును. ఆ గృహస్థుడు ఏమియు వ్రాయకయే పరమపదించెనని అనుకొందము. ఊరిలో చాలమంది అభిప్రాయము ప్రకారము పొలము కొడుకులిద్దఱిది. తల్లిని వారు చూచుకొనవలెను. కూతురికి పెండ్లినాడే ఇచ్చితిమి. చట్టము చెప్పునది మఱియొకటి.

ఉమ్మడి ఆస్తిలో కూతురును కొడుకుతో సమముగా పుట్టుకతోనే హక్కు గలది. ఈ మార్పును దేశముకంటె ముందుగా చేసిన రాష్ట్రము ఆంధ్రప్రదేశము. 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చిన సవరణ అది. అయితే ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలను ఆ సవరణ విడిచిపెట్టినది. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రము తెచ్చిన సవరణ ఆ భేదమును తుడిచివేసినది. ఆ దినమునకు తండ్రి బ్రదికియుండవలెనా యను తగవు పదునైదేండ్లు సాగి, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసినది: అక్కఱలేదు, ఆమె హక్కు జన్మతో వచ్చినది. 2004 డిసెంబరు 20 నాటికే సక్రమముగా ముగిసిన పంపకములను మాత్రము తిరుగదోడుటకు వీలులేదు.

కావున తలచుకొన్న యింటిలో తండ్రి, ఇద్దఱు కొడుకులు, కూతురు కలిసి నలుగురు భాగస్థులు. తలకు రెండెకరములు. తండ్రి పోయినందున ఆయన రెండెకరములు మాత్రము వారసులకు చెందును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్య, కొడుకులు, కూతురు సమభాగులు. రెండెకరములను నాలుగు చేయగా ఒక్కొక్కరికి యేబది సెంట్లు. మొత్తము లెక్క చూచినచో బిడ్డలలో ఒక్కొక్కరికి రెండున్నర యెకరములు. తల్లికి యేబది సెంట్లు.

ఈ యంకె దగ్గఱ కొంచెము ఆగవలెను. నలుబదియేండ్లు ఆ మగనితోపాటు శనగచేనిలో కలుపు తీసినది, పేడకళ్లెత్తినది, నూర్పిడి కాలమున కళ్లములో రాత్రి కాపు పండుకొన్నది ఆమె. చట్టము ఆమెకు అన్యాయము చేయవలెనని తలచి చేసినది కాదు. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కు ఆ యింట పుట్టినవారికే గాని మెట్టినవారికి లేదు. తెలుగు, తమిళ సీమలలో తండ్రీకొడుకులు పంచుకొనునప్పుడు ఇల్లాలికి ప్రత్యేక భాగమిచ్చు ఆచారము లేదు.

ఇక్కడ శాస్త్రము నెఱిగినవారు సిగ్గుపడదగిన విషయ మొకటి కలదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమువాడు. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగువారు దాయవిభాగమును తమ భాషలో చదువుకొనుటకు అది మొదలు. ఆ మితాక్షరలో, తండ్రి తాను బ్రదికియుండగా కొడుకులకు సమముగా పంచినచో, స్త్రీధనము లేని భార్యకును కొడుకుతో సమానమైన భాగమీయవలెనని యున్నది. తండ్రి పోయిన పిదప కొడుకులు పంచుకొన్నను తల్లికి సమభాగమే. దక్షిణదేశమున ప్రామాణ్యము గాంచిన స్మృతిచంద్రికలో దేవణ్ణభట్టు ఆ భాగమును పోషణకు సరిపడు ధనముగా కుదించెను. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు చెన్నపురి సీమకు స్మృతిచంద్రిక మాటయే సిద్ధాంతమని పట్టుకొనినవి. తల్లి భాగము శాస్త్రములో ఉన్నది, ఆచారములో ఊడినది. స్త్రీకి శాస్త్రము ఏమియు ఈయలేదని నిందించువారును, శాస్త్రము స్త్రీకి ఏమియు ఈయరాదన్నదని వాదించువారును ఈ పుటను చదివినవారు కారు.

చట్టములో చిక్కిన యీ లోటును పూడ్చు అధికారము ఒక్క గృహస్థుని చేతిలోనే యున్నది. అదే చట్టము ముప్పదవ సెక్షను ప్రకారము, ఉమ్మడిలోని తన భాగమును గూడ మరణశాసనము ద్వారా తనకిష్టమైనవారికి వ్రాయవచ్చును. ఆయన తన రెండెకరములును భార్యకు వ్రాసినచో ఆమెకు యేబది సెంట్లకు మాఱుగా రెండెకరములు నిలుచును. కొడుకులకును కూతురికిని చెరి రెండెకరములు ఎట్లును ఉన్నవి. ఎవరికిని అన్యాయము లేదు. తల్లి యెవరి పంచను వంతులవారీగా నిలువవలసిన పని లేదు. తెల్లకాగితము ఒకటి, సాక్షులు ఇద్దఱు. ఇంతకు మించి వ్యయము లేదు.

అదే ఎనిమిది యెకరములును ఆయన స్వార్జితమైనచో లెక్క వేఱు. వ్రాయకున్నను భార్య, ముగ్గురు బిడ్డలు తలకు రెండెకరముల చొప్పున పొందుదురు. ఆయన తల్లి జీవించియున్నచో ఆమెకును సమభాగమే. అప్పుడు ఐదు భాగములు. తల్లి యున్నదను సంగతి చాలమంది మఱతురు. తండ్రి జీవించియున్నను మొదటి తరగతి వారసులుండగా ఆయనకు భాగము రాదు. ఏది స్వార్జితము, ఏది పిత్రార్జితము అనునది పైకి కనబడినంత సులభము కాదు. 1956 తరువాత తండ్రి పోగా కొడుకునకు వారసత్వముగా వచ్చినది ఆ కొడుకునకు సొంతమే గాని ఉమ్మడి కాదని 1986లో సుప్రీంకోర్టు తేల్చినది. పాత పంపకపు కాగితములు, పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు పట్టుకొని ఒక్కమారు న్యాయవాదిని కలిసినచో ఈ చిక్కు విడిపోవును. పెండ్లికి జాతకములు చూపించుటకు పది మైళ్లు పోవువారికి ఇది పెద్ద శ్రమ కాబోదు.

ఆడవారును తమది తాము వ్రాయవలెను. స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణ హక్కు 1956 నుండి కలదు. కాని బిడ్డలు లేని వితంతువు ఏమియు వ్రాయక పోయినచో, ఆమె స్వార్జితము మొదట చెందునది భర్త వారసులకు; కన్న తల్లిదండ్రుల వంతు ఆ తరువాతనే. పుట్టినింటినుండి వారసత్వముగా వచ్చినది మాత్రము, సంతానము లేనిచో, తండ్రి వారసులకు తిరిగిపోవును. పొదుపు సంఘములో రూపాయి రూపాయి కూర్చి కొన్న సెంటు భూమి ఎప్పుడును ముఖము చూడని మఱదికి పోవుట ఏ యిల్లాలికిని ఇష్టముండదు.

మరణశాసనము వ్రాయుటకు వలయునవి కొన్నియే. వ్రాయువాడు మైనరు కాకూడదు, మతి స్థిమితముగా నుండవలెను. స్టాంపు కాగితము అక్కఱలేదు. తాను సంతకము చేయుట లేక వ్రేలిముద్ర వేయుట ఇద్దఱు సాక్షులు చూడవలెను. వారును ఆయన యెదుటనే సంతకములు చేయవలెను. ఇది 1925 నాటి భారత వారసత్వ చట్టము చెప్పిన నియమము. లోన ఏమి వ్రాసియున్నదో సాక్షులు చదువ నక్కఱలేదు. సాక్షులుగా తనకంటె చిన్నవారిని ఎన్నుకొనుట వివేకము. ఎనుబదియేండ్ల స్నేహితులిద్దఱిని సాక్షులుగా పెట్టుకొని, ముగ్గురును మూడేండ్లలో వరుసగా పోయిన పిదప న్యాయస్థానమున ఆ కాగితమునకు మాటాడువాడు ఉండడు. ఆస్తి పొందువాడే దగ్గఱుండి వ్రాయించుట, అతడే సాక్షులను పిలుచుకొని వచ్చుట అనుమానమునకు తావిచ్చును. అట్టి అనుమానములను తొలగించు భారము వీలునామా చూపినవానిదే యని 1958లోనే సుప్రీంకోర్టు చెప్పినది. రిజిస్ట్రేషను విధి కాదు, చేయించినచో మేలు. జీవించియున్నంత కాలము ఎన్నిమారులైనను మార్చవచ్చును, కడపటిదే చెల్లును. పొలమునకు సర్వే నెంబరు, ఎకరము సెంట్లు, నాలుగు ఎల్లలు. ఇంటికి డోరు నెంబరు. బ్యాంకులో ఉన్నదేమి, బాకీ యేమి. ఇవి తేటగా ఉండవలెను. 'నా పొలములో చెఱువు ప్రక్కది పెద్దవానికి' అను మాట ఆయనకు తెలియును, చెఱువునకు తెలియును, తహసీల్దారునకు తెలియదు.

బ్యాంకులో నామినీగా వ్రాసినవానికే ఆ ధనము సొంతమను నమ్మకము దేశమంతట వ్యాపించియున్నది. నామినీ ఆ ధనమును చేతులలోనికి తీసికొనువాడు మాత్రమే, అది వారసులందఱిది. బీమా విషయమునను 1983లో సుప్రీంకోర్టు ఇట్లే చెప్పినది గాని, 2015 నాటి సవరణకు ముందరి మాట అది. కావున బ్యాంకు ఖాతాకు పెద్దకొడుకు నామినీ యైనంత మాత్రమున చెల్లెలి భాగము కరగిపోదు.

'ఇప్పుడే వ్రాసినచో రేపు అన్నము పెట్టరు' అను భయము వృద్ధులలో చాల గట్టిది, నిరాధారమైనదియు కాదు. వ్రాయుటలో రెండు విధములున్నవని తెలియకపోవుటయే ఆ భయమునకు మూలము. మరణశాసనము వ్రాసినవాడు కన్నుమూసిన తరువాతనే ఫలించును. అంతవఱకు పొలమాయనదే, మనసు మాఱినచో కాగితము చింపవచ్చును. దానపత్రము అట్టిది కాదు. రిజిస్టరు చేసి, పుచ్చుకొన్నవాడు అంగీకరించినంతనే ఆస్తి చేయిజారిపోవును. కొడుకుల యొత్తిడికి లోబడి దానపత్రము వ్రాసి, పిమ్మట తన యింటి వరండాలోనే అతిథియైన తండ్రులు లేని మండలము లేదు. వారి కొఱకు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణచట్టము వచ్చినది. తనను పోషింపవలెనను షరతుతో ఆస్తి ఇచ్చి, ఆ షరతు తప్పినచో రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలును ఆశ్రయించి ఆ దానమును రద్దు చేయించుకొనవచ్చును. షరతు ఉన్నదని చూపవలెనని 2022లో ఒక తీర్పు. చట్టమును వృద్ధుల మేలుకై ఉదారముగా గ్రహింపవలెనని 2025 జనవరిలో మఱొక తీర్పు. తగవులోనికి పోకుండ దస్తావేజులోనే 'నన్ను, నా భార్యను జీవితాంతము పోషించు నిబంధనపై' అని ఒక్క వాక్యము వ్రాయించినచో నిశ్చింత. కొడుకు ఏమనుకొనునో యని సంకోచించి ఆ వాక్యమును విడిచిపెట్టినవారే ఎక్కువ. అడిగినంత మాత్రమున బాధపడు కొడుకు అడుగకున్నచో ఏమి చేయునో కూడ ఆలోచింపవలసినదే.

దేవునికి వ్రాయదలచినవారి మాట వేఱుగా చెప్పవలెను. ఇది భక్తుల యిండ్లలో తఱచుగా వచ్చు ప్రశ్న. దీపారాధనకో, అన్నదానమునకో ఒక యెకరము వ్రాయవలెనని తలపు కలుగుట పూర్వపుణ్యము. తిరుమలలో నిత్యాన్నదానము 1985లో ఆరంభమైనది మొదలు ఎందఱో తమ కష్టార్జితములో కొంత దానికి సమర్పించుచున్నారు. అయితే స్మృతికారులు ఇచ్చట కఠినముగా మాటాడిరి. కుటుంబమునకు విరోధము కలుగనంత మేరకే దానము చేయవలెనని యాజ్ఞవల్క్యుని మతము. తన వారు దుఃఖముతో జీవించుచుండగా పరులకు చేయు దానము ధర్మమువలె కనబడు నకిలీయని మనువు తాత్పర్యము. ఉమ్మడి పొలములో ఇంటి పెద్ద ధర్మకార్యమునకు ఈయదగినది ఆస్తిని బట్టి కొద్దిభాగము మాత్రమేయని న్యాయస్థానముల మాట, స్వార్జితమైనచో అడ్డులేదు. భార్యకు యేబది సెంట్లు మిగిల్చి దేవునికి ఎకరము వ్రాసినవాని దానమును దేవుడు ఏ ముఖముతో పుచ్చుకొనునో చెప్పుట కష్టము.

ఇచ్చునప్పుడు దేవస్థానమువారితో ముందుగా మాటాడి, ఏ కైంకర్యమునకో వ్రాతలో చూపుట అవసరము. తాళ్లపాకవారు దీనికి చక్కని యుదాహరణము. అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. సంకీర్తనలు వారు కూడబెట్టిన యాస్తి. వాటిని పుత్రపౌత్రుల జ్ఞాపకశక్తికి విడిచినచో నేడు ఎన్ని మిగిలియుండెడివో. కుమారుడు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిఱేకులపై చెక్కించెను. సంకీర్తన భాండారములో ఆ ఱేకులు శతాబ్దముల పాటు మౌనముగా నుండి, ఇరువదవ శతాబ్దమున వెలికి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దల చేత పరిష్కృతములై లోకమునకు చేరినవి. అంతేకాదు, ఆ కుటుంబమువారు స్వామికి చేసిన సమర్పణలు ఏ యుత్సవమునకు, ఏ నైవేద్యమునకు, ప్రసాదము ఎవరికెంత అనుటతో సహా తిరుమల శాసనములలో చెక్కబడియున్నవి. భక్తి పరాకాష్ఠనందిన యింటివారు లెక్కలో ఇంత శ్రద్ధ వహించిరి.

సర్వము స్వామిదే యనుట నిజము. అది వ్రాయకుండుటకు కారణము కాదు, వ్రాయుటకు కారణము. యజమానుని సొత్తును చూచుచున్న గుమాస్తా లెక్క చెప్పక సెలవు తీసికొనడు. నందిగ్రామమున పదునాలుగేండ్లు పాదుకలు ముందుంచుకొని రాజ్యము నడిపిన భరతుడు, రాముడు తిరిగి వచ్చిన దినముననే ధాన్యాగారము, ధనము, సైన్యము పదింతలైనవని లెక్క విన్నవించెను. తనది కాదనుకొన్నవాడు కనుకనే అంత లెక్క. బృహదారణ్యకములో యాజ్ఞవల్క్యుడు సన్న్యసింపబోవుచు మొదట చేసిన పని మైత్రేయికిని కాత్యాయనికిని ఉన్నది పంచి పోవుదునని చెప్పుట. మైత్రేయి ధనము వలదని అమృతత్వమును అడిగినందున ఆ సంవాదము ఉపనిషత్తైనది. కాత్యాయని వలదనలేదు, ఆమె భాగము ఆమెకుండవలసినదే. విరక్తుడైన భర్త, సంసారము కావలెనను భార్యను నిరాధారగా విడిచి అడవికి పోలేదు.

వ్రాయుటతోపాటు చెప్పుటయు అవసరమే. దశరథుడు కైకేయిని వివాహమాడినప్పుడు ఆమె తండ్రికి రాజ్యమును గూర్చి ఒక మాట ఇచ్చెనని చిత్రకూటమున రాముడే భరతునితో పలికెను. ఆ మాట సభకు తెలియదు, ప్రజలకు తెలియదు, భరతునికే తెలియదు. ఇంటి పెద్ద ఎవరికో ఇచ్చి మనసులో దాచుకొన్న మాట ఒకటి పట్టాభిషేకపు వేళకు పైకి వచ్చినచో ఏమగునో అయోధ్య చూచినది. చెల్లెలికి నోటిమాటగా ఇచ్చిన యింటిస్థలము, స్నేహితునికి హామీ నిలిచిన అప్పు, బావమఱది వద్ద దాచిన నగ; ఇవి తండ్రితో చితికెక్కినచో మిగిలినవారు ఒకరినొకరు దొంగలుగా చూచుకొనవలసివచ్చును. పండుగకు బిడ్డలందఱు ఇంట చేరిన దినమున, కూతురును అల్లుడును గూడ కూర్చుండగా, ఏది యెవరికి ఎందుకు ఇచ్చుచున్నాడో తండ్రి తన నోటితో చెప్పినచో, సగము వ్యాజ్యములు అచటనే చచ్చును. ఒకరికి ఎక్కువ ఇచ్చినచో కారణము చెప్పవలెను. పొలమునే నమ్ముకొని తల్లిదండ్రులను చూచుకొనిన చిన్నవానికి కొంత ఎక్కువ ఇచ్చుట న్యాయమే కావచ్చును. చెప్పకుండ ఇచ్చినచో అన్నకు అది మోసముగా కనబడును.

నాభాగుని కథ ఇంకను మిగిలియున్నది. తండ్రిని వాటాగా పొందిన ఆ కొడుకు తండ్రి దగ్గఱకు పోయి జరిగినది చెప్పెను. అన్నల మాట నమ్మకుమని చెప్పి తండ్రి అతని కొక దారి చూపెను: ఆంగిరసులు యాగము చేయుచున్నారు, ఆఱవ దినపు కర్మలో వారు తికమకపడుచున్నారు, నీవు పోయి రెండు సూక్తములు చెప్పుము, వారు స్వర్గమునకు పోవుచు మిగిలిన ధనము నీకిత్తురు. అట్లే జరిగెను. నాభాగుడు ఆ ధనమును తీసికొనబోవుచుండగా ఉత్తరము నుండి నల్లని పురుషుడొకడు వచ్చి, యాగభూమిలో మిగిలినది నాదని అడ్డగించెను. మహర్షులు నాకిచ్చిరని నాభాగుడనెను. అట్లయిన నీ తండ్రినే అడుగుమని ఆ పురుషుడు పలికెను.

ఆ మాట విన్న కొడుకు మరల తండ్రి యొద్దకు పోయి అడిగెను. ఏ ఆస్తియు లేక వచ్చిన కొడుకు, తొలిసారి చేతికి చిక్కిన ధనము, తీర్పు చెప్పవలసినవాడు కన్నతండ్రి. కొడుకు పక్షమున ఒక్క మాట చాలును. తండ్రి మాత్రము ఉన్నదున్నట్లు చెప్పెను: దక్షుని యాగమునాడే మహర్షులు మిగిలినదానిని రుద్రునికి భాగముగా ఏర్పఱచిరి, అది ఆయనదే. నాభాగుడు తిరిగి వచ్చి, నమస్కరించి, ఇది తమదేయని నా తండ్రి చెప్పెనని యనెను. తండ్రి ధర్మము పలికినందుకును కొడుకు సత్యము పలికినందుకును సంతోషించి రుద్రుడు బ్రహ్మవిద్యను ఉపదేశించి, ఆ ధనమును గూడ అతనికే యిచ్చి అంతర్ధానమయ్యెను. ఆ నాభాగుని కుమారుడు అంబరీషుడు.